లేఖదోషము దృశ్యగుణ మగునా? దస్త్రముల లఘుచిత్రములపై విమర్శ

కార్యాలయములలో దినదినము పుట్టి, కట్టలలోఁ జేరి, బీరువాలలో నడఁగిపోవు కాగితములను వస్తువుగాఁ గొని నిర్మింపఁబడిన ప్రయోగాత్మక లఘుచలనచిత్రములు ప్రపంచమునఁ గొన్ని కలవు. 1930 తరువాత ఇంగ్లండునఁ దలయెత్తిన యీ తెగ పలుదేశములకు వ్యాపించినది. ఇందు నాయికానాయకులకుఁ బ్రాధాన్యము లేదు. జాబుపై విలాసము, గ్రంథాలయపుఁ బట్టిక, మరణసంఖ్యల నివేదిక, భూమికి సంబంధించిన సాక్ష్యపత్రము మొదలగునవి యిందుఁ బ్రధానపాత్రలు. కాలపరిమితి తఱచుగా నఱగంటకు లోఁబడి యుండును. ‘ఇట్టి వస్తువున రసమెక్కడిది?’ అని సంప్రదాయజ్ఞులు ప్రశ్నింతురు. ‘వస్తువేదైన నేమి? కళ చూచువాని కంటిలో నున్నది’ అని నవీనులు బదులు చెప్పుదురు. ఈ రెండును తొందరపాటు మాటలే. మన యాలంకారికులును అర్థశాస్త్రకర్తయు నిచ్చిన కొలబద్దతోఁ గొలిచి చూచినచో నీ చిత్రములలోఁ గొన్ని నిలుచును, కొన్ని తక్కువపడును. ఆ తారతమ్యమునకుఁ గారణ మెఱుఁగుట తెలుఁగుదేశమున కిప్పు డావశ్యకము. ఏలయన, మన గ్రామముల ప్రాఁతదస్త్రములు వ్యవహారమునుండి తొలఁగి చూడముచ్చటైన వస్తువులుగా మాఱుచున్న కాలమిది.

ప్రశ్న క్రొత్తది కాదు. భామహుఁడు తన కావ్యాలంకారమున, సూర్యుఁ డస్తమించెననియు, చంద్రుఁడు వెలుఁగుచున్నాఁడనియు, పక్షులు గూండ్లకుఁ బోవుచున్నవనియుఁ జెప్పు వాక్యములను బేర్కొని, ఇది కావ్యమెట్లగును, దీనిని వార్త యందురని త్రోసివేసెను. దండి స్వభావోక్తిని, జాతియను పేరఁ బరగుదానిని, అలంకారములలో మొదటిదిగా నెన్నెను. కుంతకుఁడు వస్తుస్వభావము అలంకార్యమే కాని యలంకారము కానేరదని వాదించెను. ఈ వివాదమునకు మహిమభట్టు వ్యక్తివివేకమునఁ జూపిన మార్గము మిక్కిలి యుపయోగకరమైనది. ప్రతివస్తువునకును సామాన్యమనియు విశిష్టమనియు రెండు రూపములు కలవు. సామాన్యరూప మందఱి మాటలకును విషయము. విశిష్టరూపము ప్రతిభావంతులైన కవుల వాక్కునకు గోచరము.

ఈ విభాగమును దస్త్రమున కన్వయించి చూతము. అర్జీలన్నియు నొక్కతీరుగనే యుండును: పైన నధికారి పేరు, క్రింద నర్జీదారు వ్రేలిముద్ర, ప్రక్కను దేది, సంఖ్య, మొహరు. ఇది సామాన్యము. ఇంతమాత్రము చూపునది వార్త. ఒక దినమున నొక మనుష్యుఁ డొక చేని కొఱకు వ్రాయించుకొన్న యర్జీ విశిష్టము. అయితే దస్త్రమునం దొక వింత కలదు. విశిష్టుఁడైన మనుష్యుని సామాన్యపు గడిలో నిముడ్చుటయే కార్యాలయము పని. అట్లు చేయకున్న లెక్క సాగదు, పాలన జరుగదు. ఆ గడిలోనుండి వానిని మరల విశిష్టునిగా వెలికిఁ దీయుట కళ పని. దస్త్రమును బట్టిన కళాఖండము తూఁగునో తూఁగదో యీ యొక్క పనిని బట్టి నిర్ణయింపవలెను.

దస్త్రమునకు గుణదోషవిచారము మన దేశమున మిక్కిలి ప్రాచీనము. కౌటిల్యుఁ డర్థశాస్త్రము రెండవ యధికరణమున, శాసనాధికారమును జెప్పుచు, లేఖసంపదను ఆఱు విధములుగా విభజించెను. అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అనునవి యవి. ముఖ్యవిషయమును ముందు నిలుపుట అర్థక్రమము. ముందు చెప్పినదానికి భంగము లేకుండఁ దుదిదాఁక నడపుట సంబంధము. అర్థపదాక్షరములలో నెక్కువతక్కువలు లేకుండుట పరిపూర్ణత. మాధుర్యౌదార్యములు కావ్యగుణముల పట్టికలలోను గనఁబడునవే. పిదప లేఖదోషములను ఐదింటిని జెప్పెను. నల్లఁబడిన పత్రము, వికారమై హెచ్చుతగ్గులై రంగు వెలసిన యక్షరములు కలుగుట అకాంతి. పూర్వాపరవిరోధము వ్యాఘాతము. చెప్పినదానినే విశేషము లేక మరలఁ జెప్పుట పునరుక్తము. లింగవచనకాలకారకముల యన్యథాప్రయోగ మపశబ్దము. విడఁదీయరానిచోట విడఁదీసి, విడఁదీయవలసినచోట మానుటవలనఁ గలుగు గందరగోళము సంప్లవము.

వీనిలో మొదటిది యీ విమర్శకుఁ గీలకము. దస్త్రమున నకాంతి దోషము; చలనచిత్రమున నదియే సౌందర్యము. వెలసిన సిరా, చెదలు తిన్న యంచు, కొట్టివేఁత, మరక, ఒరిగి పడిన ముద్ర, వీనిని ఛాయాగ్రాహకుఁడు వెదకి వెదకి పట్టును. పునరుక్తియు నిట్టిదే. ఒక్క ముద్ర వేయి కాగితములపైఁ బడుట కార్యాలయమున విసుఁగు. తెరపై నది లయ. భోజుఁడు సరస్వతీకంఠాభరణమున, దోషములే సందర్భవశమున గుణములగుటను వైశేషికగుణములను పేర వివరించెను. అసాధుశబ్దమైనను అనుకరణమున దోషము కాదనుట వైయాకరణుల కందఱికిఁ దెలిసినదే. కావున లేఖదోషము దృశ్యగుణ మగుట శాస్త్రవిరుద్ధము కాదు. కాని దోషము తనంతఁ దాను గుణము కాదు. గుణముగా మార్చు సందర్భ మొకటి యుండవలెను. ఆ సందర్భమేమి యని ప్రతిచిత్రమును బ్రశ్నింపవలెను.

ఈ తెగకుఁ బుట్టినిల్లు తపాలాశాఖ. ఇంగ్లండున జనరల్ పోస్టాఫీసువారు 1933లోఁ జలనచిత్రవిభాగము నొకదానిని స్థాపించిరి. జాన్ గ్రియర్సన్ దానికిఁ బెద్దగా నుండెను. హ్యారీ వాట్, బేసిల్ రైట్ అను వారిర్వురు నిర్మించిన ‘నైట్ మెయిల్’ (1936) ఆ విభాగపుఁ గృతులలోఁ బ్రసిద్ధమైనది. లండనునుండి స్కాట్లండుకు రాత్రివేళ బోవు తపాలారైలు, కదలుచున్న పెట్టెలో గుమాస్తాలు నిలిచి జాబులను గూళ్లలో వేయుట, రైలు నిలువకయే త్రోవప్రక్కనున్న సంచులను లాగికొనుట, ఇదియే దాని వస్తువు. తుదిని ఆడెన్ కవి వ్రాసిన పద్యములు బ్రిటెన్ కూర్చిన సంగీతముతోఁ గలిసి చక్రముల లయ ననుసరించి నడచును. ఆ పద్యములలో జాబుల జాతులు వరుసగా వచ్చును. ఇది దండి చెప్పిన జాతికిఁ జక్కని యుదాహరణము. అయితే గుమాస్తా చేతికి విలాసము మాత్రమే తెలియును; లోపలి మాట తెలియదు. దృశ్యము సామాన్యమునఁ దిరుగుచుండఁగా విశిష్టమును బద్యములే సమకూర్చినవి. దృశ్యమునకుఁ గొఱఁతపడినదానిని శబ్దము పూరించినదని యనవలెను.

న్యూజీలండున జన్మించిన లెన్ లై యీ విభాగముకొఱకే నిర్మించిన చిత్రములు ఇంకను సాహసమైనవి. ‘ఎ కలర్ బాక్స్’ (1935) అనుదానిని ఛాయాయంత్రము లేకయే, ఫిల్ముపైఁ దిన్నగా రంగులు పూసి నిర్మించెను. ఆ రంగుల గీఁతల నడుమఁ దుదిని పార్సెలు తపాలా రుసుముల ప్రకటన వెలువడును. రుసుముల పట్టిక నాట్యమాడుట వింతయే. కాని యా నాట్యమునకును రుసుమునకును సంబంధము లేదు. రుసుముకు బదులుగా మఱియే పట్టిక వచ్చినను చిత్రము చెడదు. కౌటిల్యుని లెక్కలో స్పష్టత్వము కలదు, సంబంధము లేదు.

1937లో నాతఁడే నిర్మించిన ‘ఎన్ ఆర్ ఎన్‌డబ్ల్యు’ అను చిత్రము వేఱు. ఇది పదినిమిషములకు లోఁబడినది. లండను నగరమున విలాసము వ్రాయువారు పేటల గుర్తులగు నక్షరములను సరిగా వ్రాయవలెనని బోధించుట దీని ప్రయోజనము. ప్రేమికు లిర్వురు జాబులమూలమునఁ గలహింతురు. విలాసమున నొక్క యక్షరము తప్పుటచే జాబు చేరవలసినచోటికిఁ జేరదు. ఆ యాలస్యమున మనస్సులు కలఁతపడును. ఇందు వ్రాఁత తెరపైఁ దేలును, ముఖముపైఁ బడును, ప్రక్కకుఁ దొలఁగును. ఈ వింతలన్నియు నా యక్షరలోపముతో ముడివడి యున్నవి. దోష మిందు గుణమైనది. ఏలయన, దోషముచే బాధపడిన మనుష్యుఁడు తెరపై నున్నాఁడు.

ఇచట క్షేమేంద్రుఁడు జ్ఞప్తికి వచ్చును. కళావిలాసమున నాతఁడు కాయస్థుల పదునాఱు కళలను వర్ణించుచు, వక్రలిపిని, అంకెలను మ్రింగుటను కళలుగాఁ బరిగణించి పరిహసించెను. ఒక్క గీఁత చెఱిపిన మాత్రమున సహితము రహితమగునని యాతఁడు చూపిన చమత్కారము లేఖకవృత్తి కంతకు నద్దము. క్షేమేంద్రుని కాయస్థుఁడు దురాశచే గీఁత చెఱిపినాఁడు; లెన్ లై ప్రేమికుఁడు పరాకుచే నక్షరము విడిచినాఁడు. ఇర్వురి కథలోను అక్షర మణుమాత్రము, దానివలనఁ గలిగిన ఫలము జీవితమంత. కాశ్మీరమునఁ బదునొకండవ శతాబ్దమునఁ దోఁచినదియు, లండనున 1937లోఁ దోఁచినదియు నొక్క న్యాయమే.

ఫ్రాన్సుదేశమున అలేన్ రెనే 1956లో బారిసునగరపు జాతీయగ్రంథాలయముపై ‘తూత్ లా మెమ్వార్ ద్యు మోంద్’ అను చిత్రమును నిర్మించెను. ప్రపంచస్మృతి సమస్తము అని దాని పేరున కర్థము. ఇరువదినిమిషములకుఁ గొంచె మెచ్చైన యా చిత్రమునఁ గెమెరా నిలువదు. సొరంగమువంటి నడవలను, అరల వరుసలను, పట్టికల చీటీలను, కట్టలను దాఁటుచు సాగిపోవును. క్రొత్తగాఁ జేరిన పుస్తకమునకు ముద్రవేయుట, సంఖ్య నిచ్చుట, చీటీ వ్రాయుట, అరలోఁ జేర్చుట, అన్నియు క్రమముగాఁ గనఁబడును. గ్రంథములు చెఱసాలలో బందీలవలెఁ దోఁచును. ఇంతవఱకే యున్నచో నది భయానకమునకు నాలంబనమైన దృశ్యసమూహముగా నిలిచిపోయెడిది. కాని రెనే యర్థక్రమమును దుదిదాఁక నిలిపెను. ఆ పుస్తకమును బఠిత యొకఁ డడుగును. అది యర విడిచి, మెట్లు దిగి, గాజుతలుపులు దాఁటి, చదువరుల శాలలోఁ బ్రవేశించును. చదువువాని చేతిలోఁ బడఁగనే అది చీటీసంఖ్య కాక గ్రంథమగును. సామాన్యమునుండి విశిష్టమునకు సాగు నీ ప్రయాణమే చిత్రమునకుఁ బ్రాణము. ముద్రలు, చీటీలు, అరలు మొదలైనవన్నియు నా గమ్యమునకై సహింపఁబడిన పునరుక్తి. లేఖసంపదలోఁ బరిపూర్ణత యను గుణమున కింతకంటె లక్ష్యము దొరకుట యరుదు.

పీటర్ గ్రీనవే యను నాంగ్లేయుఁడు చాలకాలము ప్రభుత్వపు సమాచారకార్యాలయమునఁ జిత్రసంకలనము చేసి, ఆ యనుభవమునుండి పట్టికల భాషను దన కళకుఁ దెచ్చుకొనెను. ‘డియర్ ఫోన్’ (1976) అను చిత్రమునఁ గొట్టివేఁతలతో నిండిన వ్రాఁతపుటలును, ఎఱ్ఱని టెలిఫోను గదులును మాఱిమాఱి వచ్చును. కథలలోని పురుషులందఱికిని నవే పొడియక్షరములు. ఇది యకాంతికిఁ బట్టాభిషేకము. కొట్టివేఁత చూడ ముచ్చటగా నుండును. ఎవరు కొట్టివేసిరి, ఏల కొట్టివేసిరి యన్నచో సమాధానము హాస్యముగాఁ గరఁగిపోవును. బుద్ధికి వినోదము కలుఁగును, హృదయమునకుఁ బట్టు దొరకదు.

ఆతని ‘విండోస్’ (1975) దీనికంటె గంభీరమైనది. ఇది నాలుగు నిమిషముల చిత్రము. ఒక పారిషున నొక సంవత్సరమునఁ గిటికీలనుండి పడి మరణించినవారు 37 మంది యని యొక కంఠము నివేదిక చదువును: వారి వయస్సులు, వృత్తులు, కారణములు. తెరపై మాత్రము పల్లెయింటి కిటికీలును, వానినుండి కనఁబడు పచ్చని పొలములును, ప్రశాంతమైన సంగీతమును. ఈ చిత్రమునకుఁ బ్రేరణ దక్షిణాఫ్రికాలో రాజకీయఖైదీలు నిర్బంధమునఁ గిటికీలనుండి పడి చనిపోయిరని యధికారులు చెప్పిన మాటలని నిర్మాతయే చెప్పియున్నాఁడు. అట్లగుచో వాచ్యము లెక్క, వ్యంగ్యము హత్య. వార్త యను రూపమునే పట్టుకొని, ఆ రూపము కప్పిపుచ్చుదానిని ధ్వనింపఁజేయుట గొప్ప యూహ. కాని ప్రేరణ నెఱుఁగని ప్రేక్షకునకు హత్య స్ఫురింపదు. చమత్కారముగాఁ బేర్చిన సంఖ్యలే మిగులును. మమ్మటుఁడు గుణీభూతవ్యంగ్యభేదములలో నస్ఫుటమని చెప్పినది యిదియే. వ్యంగ్యము సహృదయునకే తెలియుట వేఱు, చిత్రము బయటఁ జదివినవానికే తెలియుట వేఱు. మృతునకుఁ జేరవలసిన కరుణ యీ యస్ఫుటతచేఁ బట్టికలోనే చిక్కుకొనిపోయినది.

తెలుఁగుదేశమునకుఁ బొరుగుననున్న యొడిశాను గూర్చి అమర్ కన్వర్ రూపొందించిన ‘ది సావరిన్ ఫారెస్ట్’ 2012లో జర్మనీలోని కాసెల్ నగరమున డాక్యుమెంటా ప్రదర్శనమునఁ జూపఁబడినది. చలనచిత్రములు, చేతికాగితపుఁ బొత్తములు, వరివిత్తనముల రకములు అందుఁ గలిసి యుండును. పరిశ్రమలకై సేకరింపఁబడుచున్న భూములును, అందుఁ గలుగు హింసయు నందు విషయము. పొత్తపుఁ బుటలపైఁ జిత్రము ప్రసరించును. కాగితమే తెర యగును. కవిత్వమును న్యాయస్థానమున సాక్ష్యముగాఁ బెట్టవచ్చునా యని యాతఁడు వేసిన ప్రశ్న యీ విచారమునకంతకు నడిగడపవంటిది. సాక్ష్యపత్రమునకు బదులుగా విత్తనమును నిలిపి, దస్త్రమున కెక్కనిదానిని జూపుట యాతని విశేషము. గ్రీనవే పట్టికలోఁ బేర్లు పరిహాసములుగా మాఱఁగా, కన్వర్ ప్రదర్శనమున విత్తనములు పేర్లవలె నిలిచినవి. ఇచట విశిష్టము దక్కినది.

ఇఁకఁ దెలుఁగునాటిని జూతము. ఇచటఁ గవియే దస్త్రము వ్రాసిన కాలము కలదు. 1053 నాఁటి నందంపూడి శాసనమును రచించినవాఁడు నన్నయభట్టు. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములలో వంశప్రశస్తి సంస్కృతమునను, పొలిమేరల నిర్ణయము తఱచుగాఁ దెలుఁగు మాటలతోను ఉండును. ప్రశస్తి కవిత్వమనియు, పొలిమేర వట్టి లెక్కయనియు బోధించుట పాఠశాలలలో నాచారము. మహిమభట్టు విభాగమును బట్టి చూచినచో నీ బోధ తలక్రిందులగును. సముద్రగంభీరుఁడు, మేరుధీరుఁడు నను ప్రశస్తి యే రాజునకైనను జెల్లును, అది సామాన్యము. తూర్పునఁ జింతచెట్టు, దక్షిణమునఁ బుట్ట, పడమట గుంట యను పొలిమేర యా యొక్క చేనికే చెల్లును, అది విశిష్టము. ఆ చేనిని నడచి చూచినవాఁడే యా మాటలు వ్రాయఁగలఁడు. పొలిమేరల నిర్ణయమునకు దేశభాష వచ్చుటకుఁ గారణము ప్రయోజనమే. ఆ ప్రయోజనమే దానికి విశిష్టత నిచ్చినది.

గ్రామకైఫియత్తులును నిట్టివే. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగు సహాయకులమూలమున గ్రామగ్రామమునందును వృత్తాంతములను వ్రాయించెను. వానిలోఁ బెక్కింటికిఁ జార్లెస్ ఫిలిప్ బ్రౌను ప్రతులు వ్రాయించి కాపాడెను. ఊరి పేరెట్లు వచ్చెను, గుడి యెవరు కట్టిరి, కరణీకపు మిరాసి యెవరెవరికిఁ జెందెను, ఏ దొరలు వచ్చిరి, ఏ యినాములు నిలిచెను, ఏవి పోయెను అని కైఫియత్తు వరుసగాఁ జెప్పుకొని పోవును. ఆ గద్యమున నలంకారము లేదు, సంధి సడలియుండును, అపశబ్దములు విరివిగా నుండును. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం అను పండితులు 2001లో వెలువరించిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ అను గ్రంథమునఁ గరణముల రచనాసంస్కృతిని జరిత్రరచనగా గౌరవించి పరిశీలించిరి. సాహిత్యపరిశోధకులు దానిని గద్యశిల్పముగాఁ బరిశీలించుట యింకను విస్తరింపవలసి యున్నది.

ఈ విచారమున కొక యూరిని లక్ష్యముగాఁ దీసికొనుట మేలు. చోడవరము చేరువను, తూర్పుకనుమల యడుగునను ఉన్న మాడుగుల ప్రాఁత జమీందారీస్థానము. నేఁడు హల్వాకుఁ బేరుపొందిన యూరు. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిలు 4 నుండి అనకాపల్లి జిల్లాలోఁ జేరినది. ఇట్టి జమీందారీగ్రామములలో రైతు బ్రదుకు కాగితములతోఁ బెనఁగొని యున్నది. మద్రాసు ఎస్టేటు భూముల చట్టము 1908లో వచ్చి, జమీందారు పట్టా నిచ్చుటకును రైతు ముచ్చిలిక వ్రాసి యిచ్చుటకును నియమము లేర్పఱచినది. 1948 నాఁటి ఎస్టేట్ల రద్దు చట్టము జమీందారీని దీసివేసి రైత్వారీని దెచ్చినది. 1971 నాఁటి చట్టముతోఁ బట్టాదారు పాసుపుస్తకములకు మార్గ మేర్పడెను. 1984లోఁ గరణముల పదవులు రద్దయ్యెను. 2015లో ‘మీ భూమి’ యను పేర నడంగలును, ఒకటి–బి యును గంప్యూటరు తెర కెక్కినవి. చేను మాఱలేదు, దానిని జెప్పు కాగితము తరతరమునకు మాఱినది. తాతకు ముచ్చిలిక, తండ్రికి రైత్వారీ పట్టా, కొడుకునకుఁ బాసుపుస్తకము, మనుమనికిఁ దెరపై నొక వరుస.

ఈ మాఱుటలో నొకచోట నకాంతి వచ్చినచో నేమగును? సర్వే నంబరులో నొక యంకె వెలసిపోయినను, గొలుసుకట్టు వ్రాఁతలో వీసమునకు గుర్తైన గీఁత చెదలపాలైనను, ఆ నష్టము నెత్తిన వేసికొని కచ్చేరీల చుట్టు తిరుగువాఁడు రైతు. ఛాయాగ్రాహకునకు సుందరమైన మరక రైతునకు వ్యాజ్యము. కాగితముతోఁ బని లేనివానికే కాగితపు శైథిల్యము కేవలసౌందర్యముగాఁ దోఁచును. ఈ సత్యమును మఱచిన కళ యెంత నిపుణమైనను అనౌచిత్యదోషమునుండి తప్పించుకొనఁజాలదు. ఔచిత్యమును రసమునకు జీవితముగాఁ జెప్పిన క్షేమేంద్రుఁడే కాయస్థుని గీఁతను బరిహసించినవాఁ డగుట కేవలము కాకతాళీయము కాదు.

మాడుగులకుఁ బైనున్న కొండలలో నీ విషయము మఱియొక తీరుగాఁ గనఁబడును. అచటఁ దరతరములుగా సాగుచేసినను గాగితము లేని గిరిజనులు పలువురు. 2006 నాఁటి యటవీహక్కుల చట్టము వారికి హక్కు నడుగు మార్గము చూపినది. గ్రామసభయెదుట హక్కును నిరూపించుకొనుటకు, దాని నియమములలోఁ బెద్దల వాఙ్మూలమును వ్రాఁతలోఁ బెట్టి సాక్ష్యముగా గ్రహింప ననుమతి కలదు. మెకంజీ కాలపుఁ గైఫియత్తునకు నీ వాఙ్మూలమునకు బంధుత్వము స్పష్టము. రెండింటియందును వృద్ధుల నోటిమాట వ్రాయసకాని చేతిలోఁ గాగితమగుచున్నది. ఆ మాఱుటలో నేమి నిలిచెను, ఏమి జాఱెను అని చూపఁగల చిత్రము వచ్చినచో నది కళయు నగును, సాక్ష్యమునకుఁ దోడును నగును. ‘పెద్దచెట్టుకాడనుంచి వాగుదాకా’ అని చెప్పు నోటిమాటయు, ఎకరములు సెంట్లుగా మాఱిన యంకెయుఁ బ్రక్కప్రక్కను నిలిచినచో, ప్రేక్షకుఁ డొక్కక్షణమున సామాన్యవిశిష్టముల భేదమును శాస్త్రము చదువకయే గ్రహించును.

ఇంతవఱకుఁ జేసిన పరిశీలనమునుండి దస్త్రచిత్రమునకు మూఁడు నియమములు సిద్ధించుచున్నవి. మొదటిది: చూపఁబడిన కాగితము ఒక్కమాఱైనను జదువఁదగినట్లుగాఁ దెరపై నిలువవలెను. అక్షరమును ఆకారముగా మాత్రమే చూపుట స్పష్టత్వమునకు హాని. అట్లు చేసినచో దస్త్రము గోడపై రంగుకాగితమువంటిదే యగును. రెండవది: దోషమును జూపునపుడు దాని ఫలమును జూపవలెను. విలాసపుఁ దప్పునకుఁ గలఁత, చీటీ వరుసకుఁ బఠిత, లెక్కకు మృతుఁడు. మూఁడవది: కాగితమున కెక్కనిదానికిఁ గొంత చోటుంచవలెను. దస్త్రము నిజములో నొక భాగము మాత్రమే. మిగిలినది విత్తనమో, నోటిమాటయో, పొలిమేరఱాయియో కావచ్చును.

‘ఇట్లు నియమించినచోఁ గళ యర్జీగా మాఱదా?’ అని యాక్షేపము రావచ్చును. దానికి సమాధానము మమ్మటుని కావ్యప్రయోజనవిచారమునఁ గలదు. ఉపదేశము ప్రభుసమ్మితము, సుహృత్సమ్మితము, కాంతాసమ్మితమని మూఁడు విధములు. శబ్దప్రధానమై యాజ్ఞాపించునది ప్రభుసమ్మితము. సరసముగాఁ జేసి యభిముఖుని గావించుకొని చెప్పునది కాంతాసమ్మితము. సర్కారు దస్త్రము ప్రభుసమ్మితమునకుఁ బరాకాష్ఠ. అందలి యర్థమును జెడకుండఁ గాపాడి, దానిని గాంతాసమ్మితముగా మార్చుట చిత్రము పని. అర్థమునే విడిచి రూపమును మాత్రము గైకొన్నచోఁ బ్రభువును లేఁడు, కాంతయు లేదు; వట్టి ముద్ర మిగులును. అర్జీ యధికారి నడుగును. కళ చూచువాని మనస్సు నడుగును. అడుగుటకుఁ గారణ మొక్కటే యైనను, అడిగెడి తీరు వేఱు.

మఱియొక యాక్షేపము: ‘చలనచిత్రమునకు సంస్కృతాలంకారశాస్త్రపుఁ గొలఁత యేల?’ చిత్రములకుఁ దమ సాంకేతికశాస్త్రము కలదు. దానిని గాదనుట లేదు. కాని వస్తువు దస్త్రమైనపుడు దాని స్వభావమును ముందెఱుఁగవలెను. దస్త్రపు గుణదోషములను బేరుపేరున వివరించిన కౌటిల్యునిఁ గాదని క్రొత్తపరిభాషకై వెదకుట యింటఁ గొలమానమును బెట్టుకొని పొరుగింట నడుగుటయే. అదియుఁ గాక, ‘నైట్ మెయిల్’ మొదలు ‘ది సావరిన్ ఫారెస్ట్’ దాఁక నీ కొలఁత ప్రతిచిత్రమునందలి బలమును, లోపమును విడివిడిగాఁ జూపఁగలిగినది. కొలఁతకు సార్థక్య మింతకన్న వేఱు లేదు.

తుదకు బోధకుల కొక మాట. పాఠశాలలలో లేఖారచన యను పేర విన్నపముల నమూనాలు కంఠస్థము చేయించుట చిరకాలపు టాచారము. సెలవు చీటీ, ఫిర్యాదు, దరఖాస్తు, అన్నియు నొక్క యచ్చులోఁ బోసినవే. ఆ పాఠమునఁ గౌటిల్యుని యాఱు గుణములను ఐదు దోషములను జెప్పి, ఊరి పొలిమేర నొకదానిని విద్యార్థులచే నడచి చూపించి వ్రాయించినచో, భాషయు భూమియు నొక్కమాఱే వారికిఁ దెలియును. చింతచెట్టు వ్రాసినవాఁ డా చింతచెట్టును జూచి వ్రాసెనా, నమూనాఁ జూచి వ్రాసెనా యను ప్రశ్నయే విమర్శకు మొదటి మెట్టు. నన్నయనాఁటి తామ్రపత్రమునకును, మాడుగుల రైతు పాసుపుస్తకమునకును, తెరపైఁ గదలు నేఁటి చిత్రమునకును ఆ ప్రశ్న యొక్కటే.